నాన్నగారి నీరసం ఒంటిదా, మనసుదా?

ప్రశ్న:
మా నాన్నగారికి 78 ఏళ్లు. ఆరు నెలల కిందట స్నానాల గదిలో జారిపడ్డారు. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆనాటి నుంచి గడప దాటడం దాదాపు మానేశారు. చేతిగడియారం పట్టీని రెండు రంధ్రాలు లోపలికి బిగించుకోవలసి వస్తోంది. పొద్దున వచ్చిన పత్రిక మడత విప్పకుండానే సాయంత్రం దాకా బల్ల మీద పడి ఉంటోంది. దిగులుగా ఉందా అని అడిగితే, "దిగులేమీ లేదమ్మా, ఓపిక లేదంతే" అంటారు. ఇది వయసుతో వచ్చిన బలహీనతా, మానసిక కుంగుబాటా? ముందు ఎవరికి చూపించాలి?

మొదటి జవాబు:
నేను వృద్ధులకు వైద్యం చేస్తుంటాను. పెద్దవయసు దుర్బలతను గుర్తించడానికి 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రీడ్ బృందం ఐదు లక్షణాలు చెప్పింది: అనుకోకుండా బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. వీటిలో మూడు కనిపిస్తే దుర్బలత ఉన్నట్టు. అయితే అందులో అలసటను తెలుసుకోవడానికి వాడిన రెండు ప్రశ్నలూ కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి నుంచి తీసుకున్నవే. దుర్బలతకూ కుంగుబాటుకూ మధ్య గీత గీయడం మాకూ అంత తేలిక కాదు కాబట్టి, ఏదో ఒకటి తేలేదాకా మీరు ఆగవద్దు. ఈ వయసులో కుంగుబాటు కన్నీళ్లుగా కాక, ఆసక్తి, ఆకలి తగ్గడంగానో, ఒళ్లునొప్పులుగానో బయటపడటం చాలా మామూలు. ముందుగా మీ కుటుంబ వైద్యుడికే చూపించి, రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం ఉన్నాయేమో పరీక్ష చేయించండి. వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే నిద్రమాత్రల వల్ల తూలి పడేవాళ్లు చాలామంది ఉన్నారు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే మాత్రం ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

రెండో జవాబు:
మా అమ్మ పడినప్పుడు మేము ప్రేమకొద్దీ ఆమె చేతిలో పనులన్నీ లాగేసుకున్నాం. అది పొరపాటని తెలియడానికి మూడు నెలలు పట్టింది. చేతులు ఛాతీకి ఆనించుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమని ఫిజియోథెరపిస్టు అడిగారు. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టేనట. అమ్మ రెండోసారికే ఆగిపోయింది. మళ్లీ పడతానేమోనన్న భయం ఆమెను కూర్చోబెట్టింది, ఆ కూర్చోవడమే కాళ్లను ఇంకా నీరసింపజేసింది. స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించి, రోజూ లేచి కూర్చునే సాధన చేయిస్తూ, బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం తిరిగి ఆమెకే అప్పగించాం. మార్పు నెమ్మదిగానే వచ్చింది గానీ, ముందు కాళ్లలో కాదు, ముఖంలో కనిపించింది.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వైద్యుడి దగ్గర ఎల్లుండికి సమయం తీసుకున్నాను. రాత్రి నాన్నగారు మంచం దిగుతూ గోడ పట్టుకోవడం చూసి, ఈసారి దిగులు సంగతి ఎత్తకుండా, "పడతానని భయంగా ఉందా నాన్నా?" అని అడిగాను. ఆయన తిరిగి మంచం మీద కూర్చుని, చాలాసేపు మాట్లాడారు.