మొత్తం 180 వస్తే అది రేఖీయ ద్వయమేనా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): మా అమ్మాయి ఇక్కడ ఏడవ తరగతి ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది. మొత్తం 180 డిగ్రీలైన ప్రతి కోణాల జంటనూ రేఖీయ ద్వయమని రాసి మార్కులు పోగొట్టుకుంది. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ని కనుక సంపూరక కోణాలు (మొత్తం 180 డిగ్రీలయ్యే రెండు కోణాలు) అన్న మాట గుర్తుంది గాని, ఈ రెండింటి తేడాను ఆమెకు నచ్చజెప్పలేకపోతున్నాను.

జవాబు 1: సంపూరకమన్నది కేవలం కొలతకు సంబంధించిన మాట, రేఖీయ ద్వయం స్థానాన్ని కూడా చెబుతుంది. అట్టముక్కపై 110, 70 డిగ్రీల కోణాలు గీసి, కత్తిరించి ఆమె చేతికివ్వండి. బల్లపై చెరో మూల పడి ఉన్నా అవి సంపూరకాలే. శీర్షాలు కలిపి, ఒక భుజాన్ని ఉమ్మడిగా ఆనించి, మిగిలిన రెండు భుజాలు ఒకే సరళరేఖగా సాగేలా అమర్చినప్పుడే అవి రేఖీయ ద్వయమవుతాయి.

జవాబు 2: పనిలో పనిగా కత్తెరను తెరచి శీర్షాభిముఖ కోణాలనూ, అంటే రెండు రేఖలు ఖండించుకున్నచోట ఎదురెదురుగా ఏర్పడే కోణాలనూ చూపండి. అవి సమానమని బట్టీ పట్టించడం నాకు నచ్చదు. 110 పక్కనున్నది 70 అయితే, ఆ 70కి అవతలి పక్కనున్నది మళ్లీ 110 కాక తప్పదు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ నిరూపణ సారాంశమూ ఇదే. ఇక తిర్యక్ రేఖ (రెండు రేఖలను వేర్వేరు బిందువుల వద్ద ఖండించే రేఖ) వల్ల ఆ రెండు బిందువుల వద్ద ఏర్పడే సదృశ కోణాలు (ఒకే స్థానంలో ఉండేవి), ఏకాంతర కోణాలు (రెండు రేఖల మధ్య, తిర్యక్ రేఖకు చెరో వైపు ఉండేవి) సమానం కావాలంటే అది ఖండించే రేఖలు సమాంతరంగా ఉండాలి. పిల్లలు మరచిపోయే షరతు అదే.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ముక్కలను కాసేపు అటూ ఇటూ తిప్పి, "రెండూ 90 అయితేనో నాన్నా?" అని అడిగింది. నేను ఆలోచించేలోపే, ఎదురెదురుగా ఉన్న రెండు లంబకోణాలు సంపూరకాలే గాని రేఖీయ ద్వయం కావని తానే గీసి చూపించింది.