కవరేజ్ 100 శాతం వచ్చాక కూడా మ్యూటేషన్ టెస్టింగ్ కావాలా?

ఒంగోలు_కోడర్:
రొయ్యల అమ్మకానికి చిన్న సాలిడిటీ కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రామ్) రాస్తున్నాం. కొనేవాళ్లు డబ్బు ముందే అందులో వేస్తారు, చెరువు గట్టున కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) తేలాక ఆ రేటు లెక్కన రైతుకు జమవుద్ది. టెస్టులన్నీ పాస్, లైన్ కవరేజ్ 100, అంటే టెస్టుల్లో ప్రతి లైనూ ఒకసారైనా నడిచింది. కోడ్‌ను కావాలనే ఒక్కోచోట చెడగొట్టి, టెస్టులు పట్టుకుంటాయో లేదో కూడా చూడాలంటున్నాడు మా టీమ్‌లో ఒకాయన. మ్యూటేషన్ టెస్టింగ్ అంటే అదే. ఆ టైమ్ ఆడిట్‌కు (బయటి నిపుణులతో కోడ్ చూపించడానికి) పెట్టడం మేలని నా వాదన.

కోవూరు_గట్టు:
ఆడిట్ వద్దని ఎవరన్నారన్నా? మీ కాంట్రాక్టే చూడండి. కిలోకు 40 దాకా తూగితే ఒక రేటు, దాటితే తక్కువ రేటు అనుకుందాం. కోడ్‌లో <= 40 ఉంటుంది. 30 కౌంట్‌తో ఒక టెస్ట్, 50 కౌంట్‌తో ఒకటి. రెండూ పాస్, లైన్ కవరైనట్టే. ఇప్పుడు ఆ గుర్తును < చేసి మళ్లీ రన్ చెయ్యండి. అప్పుడూ రెండూ పాస్! సరిగ్గా 40 పడిన రైతుకు తక్కువ కట్టినా మీ టెస్టులు నోరు మెదపవు. గట్టు మీద ఒక్క రొయ్య దగ్గర ఎంత గొడవవుద్దో మీకు నేను చెప్పాలా? ఆ మార్చిన కాపీయే మ్యూటెంట్. అది బతికిందంటే అక్కడ కాపలా లేదని అర్థం. ప్రాక్సీ (వెనక కోడ్ మార్చుకునే ఏర్పాటు) పెట్టుకుంటే తప్ప, చైన్ ఎక్కిన కోడ్‌ను మళ్లీ ముట్టుకోలేం.

సింగరాయకొండ_77:
నేను ఒప్పుకోను. ప్రతి మ్యూటెంట్‌కూ టెస్టులన్నీ మళ్లీ నడపాలి. అసలు చైన్ కాపీ మీద నడిపే ఫోర్క్ టెస్టులుంటే తెల్లారిపోద్ది. పైగా అన్‌సైన్డ్ (మైనస్ ఉండని) నంబర్ మీద > 0 తీసి != 0 పెడితే అర్థమేం మారదు, ఆ మ్యూటెంట్ ఎప్పటికీ చావదు. అలాంటివి మనిషే కూర్చుని ఏరాలి. 2016లో ది డీఏఓ అనే ఉమ్మడి ఫండ్ నుంచి 36 లక్షల ఈథర్ (ఈథీరియం కరెన్సీ) పోయింది ఎందుకు? డబ్బు పంపాక బ్యాలెన్స్ తగ్గించారు, ఆ సందులో దాడి చేసినవాడు మళ్లీ మళ్లీ లాగేశాడు. వరసే తప్పు. ఆలోచనలో ఉన్న తప్పు గుర్తులు మారిస్తే బయటపడుతుందా?

కోవూరు_గట్టు:
అన్‌సైన్డ్ మాట నిజమే. డీఏఓ దగ్గర మాత్రం కాదు. ఆ రెండు లైన్లూ అటుదిటు చేసి చూడండి. దాడి చేసే కాంట్రాక్ట్‌తో టెస్ట్ రాయకపోతే ఆ మ్యూటెంటూ బతుకుద్ది. వరస ఎటున్నా పట్టించుకునే టెస్టే లేదని అప్పుడు తెలుస్తుంది. ఆ టెస్ట్ రాయబోతే అసలు తప్పు కళ్లబడుద్ది. 2017 జులైలో పారిటీ అనే కంపెనీ ఈథర్ వాలెట్ల యజమానిని మార్చే ఫంక్షన్‌ను ఎవరైనా పిలవగలిగారు, లక్షన్నర ఈథర్ పోయింది. మీ ఓన్లీఓనర్ (యజమాని తప్ప ఎవరూ పిలవకుండా ఆపే షరతు) తీసేసి నడపండి. బయటివాడిలా పిలిచే టెస్ట్ లేకపోతే అన్నీ పాసే. మొత్తం కోడ్‌కు అక్కర్లేదు. డబ్బు కదిలే ఫంక్షన్లకే మ్యూటెంట్లు తయారుచేసే స్లిథర్-మ్యూటేటో, గాంబిటో పెట్టండి.

ఒంగోలు_కోడర్:
ఇప్పుడే < పెట్టి నడిపా. అన్నీ పాస్. మనసు కలుక్కుమంది. 40 కౌంట్ టెస్ట్ రాస్తున్నా. ఫోర్క్ టెస్టులు మాత్రం సింగరాయకొండ ఆయన చెప్పినట్టు పక్కన పెట్టా. ఓన్లీఓనర్ తీసి రేపు చూస్తా.