‘కులనిర్మూలన’ నలుగురం కలిసి చదవాలంటే ఎలా?

ప్రశ్న:
నలుగురు స్నేహితులం నాలుగు ఆదివారాల్లో అంబేడ్కర్ ‘కులనిర్మూలన’ చదివి చర్చించాలనుకుంటున్నాం. 26 భాగాలూ వరసగా వెళ్లాలా? మాట రిజర్వేషన్ల వైపు జారిపోకుండా ఎలా చూసుకోవాలి?

జవాబు 1:
వరసగానే వెళ్లండి. కానీ మొదటి ఆదివారం ముందుమాట, అంబేడ్కర్‌కీ సభ నిర్వాహకులకూ మధ్య నడిచిన ఉత్తరాలు మాత్రమే చదవండి. చాలామంది దాటేసేది వీటినే. ఈ పుస్తకం 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ (కులం పోవాలనే హిందూ సంస్కర్తల సంఘం) సభ కోసం రాసిన అధ్యక్షోపన్యాసం. వేదశాస్త్రాల మీది మాటలు తగ్గించమని మండల్ వాళ్లు అడిగారు. కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది, ప్రసంగం పుస్తకమైంది. 1,500 ఇంగ్లీషు ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. ఆయన ఎదుట ఉన్నది సంస్కరణ కోరే సవర్ణ హిందువులని గుర్తుంచుకుంటే సగం అపార్థాలు రావు. ‘ఈ మాట ఏ పేజీలో ఉంది?’ అని అడిగే పని ఒకరికి అప్పగించండి, చర్చ పక్కకు పోదు.

జవాబు 2:
రెండు, మూడు ఆదివారాలు అసలు వాదానికే ఇవ్వండి. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అంటారాయన. పని పంచడం వేరు, పనిచేసేవాళ్లను పుట్టుకతో మెట్లుగా పేర్చడం వేరు. ఈ వాదంలో తర్వాతి అంశం దగ్గరే చదివేవాళ్లు పొరపాటు పడతారు. సహపంక్తి భోజనాలు చాలవు, కులాంతర వివాహమే మందు అన్నచోట ‘ఇంతేగా’ అని పుస్తకం మూసేస్తారు. ఆయన అక్కడ ఆగలేదు. మరి జనం అలా ఎందుకు చేసుకోరు? శాస్త్రాలు పవిత్రమని నమ్మబట్టి. కాబట్టి కొట్టాల్సింది ఆ నమ్మకాన్ని. ఆపైన పౌరోహిత్యం వంశపారంపర్యంగా ఉండకూడదని, పరీక్ష పాసై ప్రభుత్వ సనదు (అనుమతి పత్రం) పొందినవాళ్లకే ఉండాలని కూడా రాశారు. దాన్ని తప్పక చర్చించండి. పెళ్లి మీదే ఎందుకంత పట్టు అని ఎవరైనా అడిగితే, 1916లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన చదివిన వ్యాసం చూపించండి. కులం లోపలే పెళ్లి అన్న కట్టుబాటే కులానికి ప్రాణమని అందులోనే తేల్చారు.

జవాబు 3:
నాలుగో ఆదివారం గాంధీకి ఇవ్వండి. 1936 జూలైలో తన ‘హరిజన్’ పత్రికలో ఆయన ఈ పుస్తకం మీద రాసిన విమర్శ, దానికి అంబేడ్కర్ జవాబు 1937 కూర్పులో ఉన్నాయి. చైతన్యుడు, తుకారాం వంటి సాధువులున్న మతం అంత హీనమైనదా అని గాంధీ అడిగారు. ఇది తేలికైన ప్రశ్న కాదు, ఒకరు దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూ మాట్లాడాలి. అంబేడ్కర్ జవాబు: సాధువులు దేవుడి ముందు మనుషులు సమానమన్నారు, మనిషికీ మనిషికీ మధ్య సమానత్వం కోసం పోరాడలేదు. పైగా కులం మీరడం సాధువులకే చెల్లుతుందనుకుని జనం వాళ్లకు దండం పెట్టారు తప్ప వాళ్ల దారిలో నడవలేదు. అన్నమయ్య ‘బ్రహ్మమొక్కటే’ను ఈ మాట పక్కన పెట్టి చూడండి. ఆ కీర్తన ఏ సమానత్వాన్ని చెబుతోంది? ఒక ఆదివారం సరిపోదు.