కృతజ్ఞతల డైరీ రెండో వారానికే మొక్కుబడిగా మారుతోంది, తప్పు ఎక్కడ?

వెన్నెల_దారి అడిగారు:

రోజూ పడుకునే ముందు ఐదు మంచి విషయాలు రాయడం, ఇదీ పద్ధతి. మొదటి వారం బాగానే సాగుతుంది. రెండో వారానికల్లా "ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం, ఉద్యోగం, స్నేహితులు" అంటూ అవే ఐదు మాటలు. చెయ్యి రాస్తుంది గానీ మనసు కదలదు. ఎన్ని రాయాలి? రోజూ రాయాల్సిందేనా? ఏమీ బాగా జరగని రోజున ఏం చెయ్యాలి? "పాజిటివ్‌గా ఉండండి, చాలు" అనే జవాబులు కాకుండా, ఈ సాధన లోపల ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

నిలకడ:

ఐదు వద్దండి, మూడు చాలు. మూడూ ఆ రోజు జరిగినవే అయి ఉండాలి. "ఆరోగ్యం" అన్నది జరిగిన సంగతి కాదు, ఉత్త శీర్షిక. దాని కింద ఈ రోజు ఏం చేరిందో అదే రాయాలి: "మూడంతస్తులు ఎక్కినా మోకాలు నొప్పి పెట్టలేదు." శీర్షికలు ఐదారుకు మించి ఉండవు కాబట్టే వారంలో అయిపోతాయి. సంఘటనలు అలా అయిపోవు.

ఇక అసలు పని: ప్రతి విషయం కింద "ఇది ఎందుకు జరిగింది?" అన్నదానికి ఒక వాక్యం రాయండి. చాలామంది వదిలేసేది ఈ వాక్యాన్నే. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో పాల్గొన్నవారికి ఇచ్చిన పని కూడా ఇదే. వారం పాటు ప్రతి రాత్రీ బాగా జరిగిన మూడు విషయాలు, ఒక్కోదానికీ కారణం. వాళ్లలో సంతోషం పెరగడం, కుంగుబాటు లక్షణాలు తగ్గడం ఆరు నెలల దాకా కనిపించింది. వారం గడిచాక కూడా తమంతట తాము కొనసాగించినవాళ్లకే ఆ మేలు ఎక్కువగా నిలిచింది.

కారణం ఎందుకు రాయాలంటే, అక్కడే మనిషి కనబడతాడు. "రిపోర్టులో తప్పు ముందే దొరికింది" అని ఆపేస్తే అది అదృష్టం. "పక్క సీటావిడ తన పని ఆపుకుని పది నిమిషాలు చదివి పెట్టింది కాబట్టి" అని రాస్తే కృతజ్ఞత ఎవరికి చెప్పాలో తెలుస్తుంది. కారణం మీరే అయితే అదీ రాయండి, అందులో గొప్పలు పోవడమేమీ లేదు.

పది, ఇరవై రాయమనే యాప్‌లకు దూరంగా ఉండండి. మొదటి నాలుగు చటుక్కున తడతాయి, మిగతావాటికి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటను మనసు "నా దగ్గర మంచి తక్కువే" అని లెక్క వేసుకుంటుంది. నార్బర్ట్ ష్వార్జ్, సహచరులు 1991లో ఇలాంటిదే చూపించారు. తాము గట్టిగా నిలబడి మాట్లాడిన సందర్భాలు ఆరు గుర్తుచేసుకున్నవాళ్లకు తమ ధైర్యం మీద నమ్మకం కలిగింది. పన్నెండు గుర్తుచేసుకోమన్నవాళ్లకు ఉదాహరణలు ఎక్కువే దొరికినా నమ్మకం తగ్గింది.

చిగురాకు:

నిలకడ గారి మాటలన్నీ ఒప్పుకుంటాను. ఒక్క "రోజూ" దగ్గర మాత్రం ఆగాలి. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకదానిలో పాల్గొన్నవాళ్లు రాసింది వారానికి ఒక్కసారే, పది వారాలు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు పోల్చి చూస్తే వారానికి ఒకసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఏదైనా తరచుగా చేస్తే మనసు దానికి అలవాటుపడి స్పందించడం మానేస్తుంది.

అందుకని నా సలహా ఇది. మొదటి రెండు వారాలు రోజూ రాయండి, మంచిని గమనించే చూపు అలవడడానికి. తర్వాత వారానికి ఒకటి రెండు రోజులు ఖాయం చేసుకుని, ఒక్కోసారి పావుగంట కేటాయించండి. మధ్య రోజుల్లో ఏదైనా తారసపడితే ఫోన్‌లో నాలుగు మాటలు గుర్తుగా పెట్టుకోండి, చాలు.

వేళ కూడా చూసుకోండి. మంచం ఎక్కాక రాస్తే నిద్రమత్తులో రెండు నిమిషాల్లో ముగుస్తుంది, మొక్కుబడి మొదలయ్యేది అక్కడే. రాత్రి భోజనం అయిన వెంటనే, బల్ల దగ్గర కూర్చునే రాయండి.

ఇంత చేసినా చప్పగా ఉంటే తీసివేత పద్ధతి ప్రయత్నించండి. మంచి విషయాన్ని ఒకటి తీసుకుని "ఇది అసలు జరగకుండా ఎలా పోయి ఉండేది?" అని రాయాలి. ఉదాహరణకు, బస్సులో పరిచయమైన స్నేహితురాలు ఆ రోజు ఆ బస్సు ఎక్కకపోయి ఉంటే? మింకియుంగ్ కూ, సహచరులు 2008లో పరీక్షించినది ఇదే. మంచి ఎలా జరిగిందో చెప్పినవాళ్ల కన్నా, జరగకుండా పోయే దారులు రాసినవాళ్ల మనసు ఎక్కువ తేలికపడింది. అలవాటుపడిపోయిన విషయం మళ్లీ కొత్తగా కనబడుతుంది కాబట్టి.

వెన్నెల_దారి:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. మరి బాగా లేని రోజు సంగతి?

పొద్దుపొడుపు:

ఆ రోజు ముందు చెడ్డదే రాయండి. ఏం జరిగింది, ఎలా అనిపించింది, మూడు నాలుగు వాక్యాలు. దాన్ని తొక్కిపెట్టి పైన మంచి మాటలు పేరిస్తే రాసేవాళ్లకే అబద్ధంలా తోస్తుంది, మర్నాడు డైరీ తెరవబుద్ధి కాదు. తర్వాత ఒకే ఒక్క చిన్న విషయం చాలు. అదీ దొరక్కపోతే తేదీ వేసి మూసేయండి, రేపటికి బాకీ పెట్టుకోవద్దు.

"కనీసం" అనే మాట కనబడితే కొట్టేయండి. "కనీసం వాళ్లలా అయితే లేను" అన్నది పోలిక. దానివల్ల క్షణం ఊరట, ఆ తర్వాత అపరాధభావం. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతుంటే, వాళ్లలో మంచి వెతకడానికి ఈ డైరీని వాడకండి. అక్కడ కావలసింది సహాయం, కృతజ్ఞత కాదు.

దిగులు రెండు వారాలకు పైగా వదలకుండా ఉండి, నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస దెబ్బతింటే డాక్టర్‌ని కలవండి. కుంగుబాటు, ఆందోళనల మీద ఈ సాధన ప్రభావం చిన్నదేనని 2021లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. చికిత్స పక్కన ఉండొచ్చు, చికిత్స స్థానంలో కాదు.

నిలకడ:

ఒకటి మర్చిపోయాను. ఒకే పేరు డైరీలో మూడు నాలుగు సార్లు వచ్చిందంటే ఆ మనిషికి ఉత్తరం రాసే వేళ అయిందన్నమాట. ఒక పేజీ. ఏం చేశారు, ఎప్పుడు, దానివల్ల మీకు ఏం మారింది. అందులో క్షమాపణలు కలపొద్దు, ఏ సాయమూ అడగొద్దు. ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని చాలామంది పంపకుండా దాచేస్తారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో చూసింది ఇదే: రాసినవాళ్లు ఆ ఎబ్బెట్టును ఎక్కువగా, అందుకున్నవాళ్ల సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. కాబట్టి రాసింది పంపేయండి.