పడవ పడని మనిషి అండమాన్‌లో పగడాలు చూడాలంటే ఎలా?

లత_రాజమండ్రి:
ఫిబ్రవరిలో మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు (పెద్దదానికి పదమూడు, చిన్నోడికి తొమ్మిది) అండమాన్ వెళ్దామని హైదరాబాద్ నుంచి టికెట్లు చూస్తున్నాం. పిల్లలిద్దరూ స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ళ మీద తేలుతూ కింద పగడాలు చూడటం) చేయాల్సిందేనని పట్టుబట్టారు, నిజం చెప్పాలంటే నాకూ ఎప్పటినుంచో కోరిక. నాకు ప్రయాణాలు పడవు, అదీ ఇబ్బంది. అరకు ఘాట్ ఎక్కితే చాలు, నిమ్మకాయ చేతిలో ఉండాలి. పాపికొండల లాంచీలో ఏమీ కాలేదు గానీ అది గోదావరి, ఇది నడిసముద్రం కదా. హేవ్‌లాక్ ద్వీపానికి వెళ్ళే ఫెర్రీలో సగం మంది కవర్లు పట్టుకుని కూర్చున్న వీడియోలు చూశాక బాగా టెన్షన్‌గా ఉంది. ఒడ్డున బ్యాగులకి కాపలా ఉండటానికి అంత దూరం రాను, నేనూ నీళ్ళలోకి దిగాలి. పడవ పడనివాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చి ఉంటే ఎలా చేశారో చెప్పండి.

దారి_తెలిసినోడు:
లత గారూ, మానుకోకండి, మా ఆవిడకీ ఇదే బాధ, అయినా వెళ్ళొచ్చాం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీ గంటన్నర, ప్రభుత్వ ఓడ రెండున్నర గంటల దాకా పడుతుంది. తొందరగా అయిపోతుందని అందరూ ప్రైవేటుదే ఎక్కుతారు, కానీ వాటిల్లో చాలావరకు అద్దాలు మూసేసిన ఏసీ హాల్లో కూర్చోబెట్టి బయటికి రానివ్వరు. ఊగుతున్నామని చెవి లోపలి భాగం చెబుతుంటుంది, కళ్ళకేమో కదలని సీటు కనిపిస్తుంది, ఈ రెండింటికీ పొత్తు కుదరకే వికారం. ప్రభుత్వ ఓడలో అయితే డెక్ మీదకెళ్ళి గాలి తగిలేలా నిలబడి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూస్తూ ఉండొచ్చు. ప్రైవేటులోనే వెళ్ళాల్సి వస్తే ముందువైపు సీట్లు వద్దు, కెరటం వచ్చినప్పుడల్లా ఎత్తి కుదేస్తుంది. కింది అంతస్తులో మధ్యన తీసుకోండి, ఫోన్ మాత్రం బయటికి తీయకండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, పూరీలు తినీ ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు చాలు.

ఇంకో మాట. కదిలే బోటు కంటే లంగరు వేసి ఆగిన బోటులో వంతు కోసం కూర్చున్నప్పుడే కడుపులో ఎక్కువ తిప్పుతుంది, దానికి డీజిల్ వాసన తోడు. కాబట్టి పడవ మీద నుంచి దూకే ప్యాకేజీలు మీకు వద్దు.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగు:
మాది శ్రీకాకుళం, తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాం, మనవాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు. పైన అన్న చెప్పింది కరెక్టు. లతక్కా, మీకు పనికొచ్చేది హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్. హేవ్‌లాక్ జెట్టీ నుంచి అందరూ స్పీడుబోటులో వెళ్తారు, ఇరవై నిమిషాలే అయినా ఎగిరెగిరి పడుతుంది. రాధానగర్ బీచ్‌కి వెళ్ళే రోడ్డు మీద నుంచి అడవిలోకి ఒక కాలిబాట ఉంది, ముప్పావుగంట నడిస్తే అదే బీచ్‌కి చేరతారు. వానపడితే బురద, చెట్ల వేర్లు కాళ్ళకి అడ్డం తగులుతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. అక్కడ ఒడ్డు నుంచే నీళ్ళలోకి దిగొచ్చు. ఈత రానివాళ్ళని రబ్బరు ట్యూబు పట్టుకోమని గైడు లాక్కుంటూ తీసుకెళ్తాడు.

నీల్ ద్వీపంలో భరత్‌పూర్ బీచ్ కూడా అంతే, పగడాలు ఒడ్డుకి దగ్గరే. కాకపోతే పోటు ఉన్నప్పుడే వెళ్ళాలి, ఆటులో నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా ఉండవు, పగడాల మీద కాలు పడుతుంది. అవి రాళ్ళు కావక్కా, ప్రాణమున్నవి, పిల్లలకి ముందే చెప్పి తీసుకురండి. ఒడ్డున పడి ఉన్న ముక్కలు కూడా ఏరుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు.

ఫోటోల్లో ఉన్నంత ఎరుపు, పసుపు ఆశించకండి. నీళ్ళలో ఎరుపు రంగు ముందే పోతుంది, పైగా 2010లో నీరు వేడెక్కి పగడాలు చాలా తెల్లబడిపోయాయి, కొన్నిచోట్ల ఇప్పటికీ కోలుకోలేదు. అయినా మొహం ముంచి కాసేపు కదలకుండా ఉంటే, చిలుకచేపలు పగడాన్ని కొరికే కటకట చప్పుడు చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. మీరు ఎంచుకున్న నెల మంచిదే, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మెత్తగా ఉంటుంది.

లత_రాజమండ్రి:
నడిచి వెళ్ళొచ్చని ఎవరూ చెప్పలేదు తమ్ముడూ, చాలా థ్యాంక్స్! మరి ఫెర్రీకి అవోమిన్ (వికారం రాకుండా వేసుకునే మాత్ర) వేసుకోవచ్చా? చిన్నోడికి ఈత రాదు, వాడిని దింపొచ్చా?

మందులషాపు:
అవోమిన్ వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదమ్మా. ముందురోజు రాత్రి గానీ, ఎక్కడానికి గంట రెండు గంటల ముందు గానీ వేసుకోవాలి. దాంతో నిద్రమత్తు వస్తుంది, కొందరికి మర్నాటి దాకా దిగదు. మత్తుగా ఉన్న మనిషి నీళ్ళలోకి దిగకూడదు, ఈత బాగా వచ్చినా సరే. అందుకే ఫెర్రీ ఒకరోజు, స్నార్కెలింగ్ మర్నాడు పెట్టుకోండి. ఎలిఫెంట్ బీచ్‌కి నడిచి వెళ్తారు కాబట్టి ఆరోజు మాత్ర అవసరమే రాదు. వెళ్ళేముందు ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి వేసుకుని చూస్తే మీకు ఎంత మత్తు వస్తుందో తెలిసిపోతుంది. ఆస్తమా, బీపీ లాంటివి ఉన్నా, వేరే మందులు వాడుతున్నా, పిల్లలకి వేయాలన్నా డాక్టర్‌ని అడగకుండా వద్దు.

పోర్ట్‌బ్లెయిర్_తెలుగు:
చిన్నోడిని దింపొచ్చక్కా, లైఫ్‌జాకెట్ వేసి, ట్యూబు పట్టించి, పక్కన గైడు ఉంటేనే. మాస్కు మాత్రం అక్కడే కొని తెచ్చుకోండి, ఇక్కడ అద్దెకిచ్చేవి ఎక్కువగా పెద్దవాళ్ళ సైజే, పిల్లల మొహానికి నీళ్ళు కారిపోతాయి. కొనేటప్పుడు పట్టీ వేయకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చమనండి, చేయి వదిలేసినా ఊడిపోకుండా అంటుకుని ఉంటే అదే వాడి సైజు.