లారీకి పుష్ స్టార్ట్ బటన్ మేలా, తాళం చెవే మేలా?

ఫ్లీట్‌డెస్క్:
కొత్త ట్రక్కుల్లో ఇప్పుడు రెండు రకాలూ దొరుకుతున్నాయి. ఒకటి తాళం చెవి పెట్టి తిప్పేది, రెండోది కీ ఫాబ్ (బండితో రేడియోలో మాట్లాడే చిన్న రిమోట్) జేబులో ఉంచుకుని బటన్ నొక్కేది. పికప్‌లలో బటన్ ఎప్పుడో మామూలైపోయింది, పెద్ద లారీల్లోకీ వస్తోంది. ఒకే బండిని ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మార్చి మార్చి నడిపే చోట ఏది తీసుకోవాలి? "సుఖంగా ఉంటుంది", "కరెంటు సామాన్ను నమ్మలేం" అనే మాటలు వద్దు. ఏది ఎందుకు చెడుతుంది, చెడితే దారి మధ్యలో ఏం చేయాలి, అది చెప్పండి.

పాతస్టీరింగ్:
నా ఓటు తాళం చెవికే. బటన్ బండి స్టార్ట్ కావాలంటే ఎన్ని ఒకేసారి బాగుండాలో లెక్కపెట్టండి: ఫాబ్‌లో సెల్లు, క్యాబిన్‌లో యాంటెన్నాలు, ఫాబ్ జవాబు పట్టే రిసీవర్, ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు), స్టీరింగ్ లాక్ మోటారు, బ్రేకు పెడల్ స్విచ్చు, క్లచ్ బండైతే క్లచ్ స్విచ్చు, చివరికి ఆ బటన్. బ్రేక్ లైట్ ఫ్యూజు పోతే వెనక లైట్లు వెలగవు, సరే. బండే కదలకపోతే లోడు సంగతేంటి? తాళం బ్యారెల్ అరిగితే చెవిని కాస్త వెనక్కి లాగి, అటూ ఇటూ కదిపి తిప్పుకుంటూ షెడ్డు దాకా పోవచ్చు. అది ముందే చెప్పి చెడుతుంది. ఫాబ్ నిన్న పనిచేసింది, ఇవాళ చేయదు, అంతే.

ఆటోవైరింగ్:
పాతస్టీరింగ్ గారూ, మీరు బటన్‌ను పోలుస్తున్నది చిప్ లేని కాలపు తాళంతో. ఐరోపాలో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. అప్పటి నుంచి తాళం చెవి తలలో చిప్ పెట్టడం మామూలైంది. బ్యారెల్ చుట్టూ ఉన్న కాయిల్ ఆ చిప్‌ను చదవలేకపోతే సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి లేపే స్టార్టర్ మోటారు) తిరగదు, లేదా ఇంజిన్ అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. అంటే ఇమ్మొబిలైజర్ రెండు వైపులా ఉన్నట్టే. క్లచ్ స్విచ్చు కూడా చాలా తాళం బళ్లలో ఉంది. బటన్ అదనంగా తెచ్చిపెట్టేవి సెల్లు, యాంటెన్నాలు, కరెంటు స్టీరింగ్ లాక్, బ్రేకు స్విచ్చు మీద ఆధారం. అవి తక్కువేం కాదు, కానీ మీ లిస్టు అంత పొడుగూ కాదు.

ఫాబ్ పనితీరు ఇదీ. డోరు హ్యాండిల్ ముట్టుకున్నా, బటన్ నొక్కినా బండి 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న పిలుపు పంపుతుంది. అది మీటరు, రెండు మీటర్లు దాటి పోదు. ఫాబ్ మేలుకుని 433 మెగాహెర్ట్జ్ మీద (ఉత్తర అమెరికా, జపాన్ బళ్లలో ఎక్కువగా 315) రహస్య కోడ్‌తో జవాబిస్తుంది. ఈ జవాబు పదుల మీటర్లు పోతుంది. కోడ్ కలిస్తేనే స్టీరింగ్ లాక్ వదులుతుంది, సెల్ఫ్‌కు అనుమతి వస్తుంది. నాసిరకం మొబైల్ చార్జర్‌నో ఇన్వర్టర్‌నో యాంటెన్నా దగ్గర పెడితే ఆ మొదటి పిలుపు చెడుతుంది. "కీ దొరకలేదు" అని మీటర్‌లో అప్పుడప్పుడూ వచ్చిపోతుంటే ముందు చార్జర్ పీకి చూడండి, ఆ తర్వాతే సెల్లు.

బటన్‌లో అసలు లాభం సెల్ఫ్ మోటారుకు దొరికే కాపలా. బటన్ సెల్ఫ్‌ను నేరుగా తిప్పదు, ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) అర్జీ పెడుతుంది అంతే. డీజిల్ పికప్‌లో గ్లో ప్లగ్‌లు (చల్లని డీజిల్ ఇంజిన్‌ను వేడిచేసే కాయిల్‌లు) వేడెక్కే దాకా ఈసీయూ తానే ఆగి, సెల్ఫ్ కొట్టి, ఇంజిన్ అందుకోగానే వదిలేస్తుంది. తాళంతో అయితే ఆ గ్లో ప్లగ్ దీపం ఆరకముందే తిప్పేవాళ్లున్నారు, నడుస్తున్న ఇంజిన్ మీద మళ్లీ కొట్టి ఫ్లైవీల్ పళ్లు గీరేవాళ్లున్నారు. పెద్ద డీజిల్‌కు ఒక విడతలో 30 సెకన్లు మించి కొట్టకూడదు, మధ్యలో 2 నిమిషాలు చల్లారనివ్వాలి. ఈ లెక్క ఎందరు పాటిస్తారు? కొన్ని తాళం బళ్లలో కూడా ఈసీయూ ఈ కాపలా కాస్తుంది, అది ఒప్పుకోవాలి.

ఇక "ముందే చెప్పి చెడుతుంది" అన్న మాట. 2014లో జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది తాళం ఇగ్నిషన్ స్విచ్చు వల్లే. స్విచ్చును రన్‌లో (ఇంజిన్ నడిచే స్థానంలో) పట్టి ఉంచే స్ప్రింగుకు బలం చాలలేదు. బరువైన గుత్తి ఊగినా, మోకాలు తగిలినా యాక్సెసరీకి (ఇంజిన్ ఆగి రేడియో లాంటివే పనిచేసే స్థానానికి) జారేది. నడుస్తుండగానే ఇంజిన్ ఆగి, పవర్ స్టీరింగ్ పోయి, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ కూడా తెరుచుకునేది కాదు. కంపెనీ పరిహార నిధి ఒప్పుకున్న మరణాలే 124. డీజిల్ ట్యాంకు చెవి, టూల్ బాక్సు చెవి అన్నీ ఒకే రింగుకు వేలాడదీసే చోట ఇది కార్ల గొడవ అని వదిలేయడానికి లేదు.

రాత్రిలోడు:
కోడ్ ఎంత గట్టిదైతే ఏం లాభం? దొంగలు కోడ్ విప్పరు, దూరాన్ని మోసం చేస్తారు. ఒకడు బండి దగ్గర, ఇంకొకడు ఫాబ్ ఉన్న గది గోడ దగ్గర నిలబడి ఆ 125 కిలోహెర్ట్జ్ పిలుపును ఇటు నుంచి అటు చేరవేస్తారు. ఫాబ్ బండి పక్కనే ఉన్నాననుకుని జవాబిచ్చేస్తుంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇది చేసి చూపించారు. మామూలు చిప్ తాళంతో గోడ అవతలి నుంచి ఎవరూ మాట్లాడలేరు.

తాళాలబాక్సు:
పిలుపును చేరవేసే ఆ దొంగతనం, అంటే రిలే దొంగతనం, నిజమే. అయితే చిప్ లేని పాత భారీ లారీల్లో ఒకే నంబరు చెవి ఎన్నో బళ్లకు పడుతుంది. అక్కడ దొంగకు రిలే పెట్టె కూడా అక్కర్లేదు. కాబట్టి తాళమా బటనా అని కాదు, మీ తాళంలో చిప్ ఉందా లేదా అని ముందు అడగండి.

ఫాబ్‌కు కాపలా అంటే రేడియో తరంగాలు దాటని పౌచ్, లేదా మూత బిగుసుకునే లోహపు డబ్బా. కొన్నాక పరీక్షించాలి: ఫాబ్‌ను అందులో పెట్టి, మూసి, డోరు పక్కనే నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందా, ఆ పౌచ్ దండగ. మడత పడే చోట లోపలి లోహపు గుడ్డ చిట్లుతుంది, అందుకే నెలకోసారైనా ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. కొన్ని ఫాబ్‌లు కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటే వాటంతటవే నిద్రపోతాయి. టయోటా ఫాబ్‌లలో చాలావాటికి లాక్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే దీపం 4 సార్లు మెరిసి ఫాబ్ మూగబోతుంది. మళ్లీ ఏదో ఒక బటన్ నొక్కితే మేలుకుంటుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉన్న కొత్త రకం ఫాబ్‌లు తరంగం వెళ్లి వచ్చే సమయాన్ని కొలిచి దూరం లెక్కగడతాయి కాబట్టి వాటి మీద రిలే కష్టం.

2023లో ఇంకో దారి బయటపడింది. హెడ్‌లైట్ వెనక వైరింగ్‌కు చిన్న పెట్టె తగిలించి, క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద "సరైన కీ ఉంది" అని దొంగ మెసేజీ పంపిస్తారు. దాన్ని ఏ పౌచ్ ఆపలేదు. సెల్ఫ్‌కు కరెంటు వదిలే రిలే వైరులో దాచిపెట్టిన ఒక కట్ స్విచ్చు, పైన ఇనుప స్టీరింగ్ లాక్, ఈ రెండే పనికొస్తాయి.

యార్డుగేటు:
షిఫ్టు మారే చోట వచ్చే తంటా ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఫాబ్ దూరమైతే ఇంజిన్ ఆగదు. రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగితే ప్రమాదం కాబట్టి కావాలనే అలా చేశారు. ఇంజిన్ నడుస్తుండగా మొదటి డ్రైవర్ ఫాబ్ జేబులో వేసుకుని దిగిపోతాడు. రెండోవాడు ఎక్కి పోతాడు. బీప్ మోగుతుంది, మీటర్‌లో మెసేజీ వస్తుంది, లోడింగ్ దగ్గర ఆ గోలలో ఎవరూ పట్టించుకోరు. 200 కిలోమీటర్ల అవతల ఇంజిన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. చెవి ఇగ్నిషన్‌లో ఉండే బండికి ఈ సమస్య పుట్టదు.

మందు ఒకటే: కొత్త డ్రైవర్ ఎక్కగానే ఇంజిన్ ఆపి, తన చేతిలో ఉన్న ఫాబ్‌తో తానే స్టార్ట్ చేశాకే గేటు దాటాలి. "ఫాబ్‌ను క్యాబిన్‌లోనే కట్టేస్తే పోయె" అంటారు కొందరు. అప్పుడు అద్దం పగలగొట్టినవాడు నేరుగా బటన్ నొక్కుకుంటాడు. స్పేర్ ఫాబ్‌ను డ్యాష్ బాక్సులో పడేసినా అదే.

పీటీఓ (ఇంజిన్ శక్తితో తొట్టి, పంపు లాంటివి నడిపే అమరిక) పని ఉన్న బళ్లకు మరో చిక్కు. టిప్పర్ తొట్టి ఎత్తుతూనో, పంపు నడుపుతూనో డ్రైవర్ కిందే తిరుగుతుంటాడు. ఫాబ్ లోపలికీ బయటికీ పోయినప్పుడల్లా బీప్. చాలా మోడళ్లలో ఇంజిన్ నడుస్తుంటే బయటి నుంచి ఫాబ్‌తో డోరు లాక్ కాదు. తాళం బండైతే ఒక చెవి ఇగ్నిషన్‌లో వదిలి రెండోదానితో డోరు వేసుకోవచ్చు.

ఫ్లీట్‌డెస్క్:
ఇది పనికొచ్చే మాట. సెల్లు పూర్తిగా చచ్చిపోతే డ్రైవర్‌కు ఏం చెప్పాలి, వరసగా?

తాళాలబాక్సు:
ముందు తప్పు ఎవరిదో తేల్చుకోవాలి. "కీ దొరకలేదు" అని వచ్చి మీటర్ లైట్లు బాగా వెలుగుతుంటే ఫాబ్. లైట్లు మసకబారి రిలే టకటకలాడితే బండి బ్యాటరీ. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 చూపాలి, రెండు బ్యాటరీల 24 వోల్టుల లారీలో 25.2. మెసేజీ లేదు, లైట్లూ బాగున్నాయి, అయినా బటన్ పలకడం లేదంటే బ్రేకు తొక్కించి వెనక లైట్లు చూడండి. వెలగకపోతే ఫ్యూజు లేదా పెడల్ స్విచ్చు. వాక్యూమ్ బూస్టర్ ఉన్న పికప్‌లో ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కితే పెడల్ గట్టిపడి స్విచ్చు దాకా దిగదు. అప్పుడు బలంగా తొక్కితే చాలు. చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఒత్తుకుని ఉంటే స్టీరింగ్ లాక్ పిన్ను ఇరుక్కుంటుంది. బటన్ నొక్కుతూనే స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పాలి.

ఫాబ్ సెల్లే పోయిందనుకోండి. పక్కనున్న చిన్న లివర్ జరిపితే లోపలి నుంచి ఇనుప చెవి వస్తుంది. డోరుకు కన్నం కనిపించకపోతే హ్యాండిల్ చివరి మూత కింద ఉంటుంది, మూత అంచున ఉన్న గాడిలో చెవి మొన పెట్టి లేపాలి. చెవితో తెరిస్తే అలారం మోగవచ్చు, కంగారు పడొద్దు, బండి ఫాబ్‌ను గుర్తించాక ఆగుతుంది. బ్రేకు తొక్కి ఫాబ్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించండి. కొన్నింటిలో కంపెనీ గుర్తు ఉన్న వైపు, కొన్నింటిలో మొన. ఇంకొన్నింటిలో కన్సోల్‌లో రబ్బరు మ్యాట్ కింద గూడు ఉంటుంది. బీప్ రాగానే కొన్ని సెకన్లలోపే బటన్ నొక్కాలి. సెల్లు లేకుండా ఇదెలా అంటే, ఫాబ్‌లోనూ చిప్ తాళంలో ఉండే చిప్పే ఉంది. కొద్ది సెంటీమీటర్ల దూరంలో బండి కాయిలే దానికి కరెంటు ఇస్తుంది. ఆ డోరు కన్నం ఏళ్ల తరబడి వాడకపోతే దుమ్ముతో బిగుసుకుంటుంది, మూడు నెలలకోసారి గ్రాఫైట్ పొడి వేసి చెవి తిప్పి ఉంచండి.

సెల్లు ఎక్కువగా సీఆర్2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, 3 వోల్టులు. కొన్నింటికి మందమైన సీఆర్2450. మీటర్ పెడితే 2.8కి దిగితే మార్చేయాలి. పిల్లలు మింగకుండా కొన్ని బ్రాండ్లు సెల్లుకు చేదు పూత వేస్తాయి. ఆ పూత వల్ల కొన్ని ఫాబ్‌లలో కాంటాక్ట్ అందదు, కొత్త సెల్లు కూడా చచ్చినట్టే ఉంటుంది. స్పిరిట్‌తో అంచు తుడిచి వేయండి, లేదా పూత లేనిది కొనండి. గ్రీజు చేతులతో పట్టుకోవద్దు.

పాతస్టీరింగ్:
ఇదంతా రాత్రి వానలో, టార్చి నోట్లో పెట్టుకుని చేయాలి, బాగుంది. ఇంకో సంగతి. ఆటోమేటిక్ పికప్‌లో గేరు పార్క్‌లో పెట్టకపోతే తాళం చెవి బయటికే రాదు. బటన్ బండిలో న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఆపి దిగిపోవచ్చు, బండి దొర్లుతుంది. చప్పుడు లేని ఇంజిన్ ఆపామనుకుని గ్యారేజీలో వదిలేసి కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లున్నారు. అమెరికా 2021 చట్టంలో తాళం చెవి లేని బళ్లు వాటంతటవే ఆగాలన్న నిబంధన పెట్టించింది ఇదే కదా? నడుస్తుండగా యాక్సిలరేటర్ ఇరుక్కుంటే బటన్ ఒకసారి నొక్కితే ఆగుతుందా?

ఆటోవైరింగ్:
ఒకసారి నొక్కితే ఆగదు. చెయ్యి తగిలి ఆగకూడదని అలా పెట్టారు. చాలా బళ్లలో రెండు మూడు సెకన్లు నొక్కి పట్టాలి, లేదా వరసగా మూడుసార్లు నొక్కాలి. మీ మోడల్‌లో ఏదో మాన్యువల్ చూసి సన్ వైజర్ వెనక రాసి అంటించండి. ముందు న్యూట్రల్ చేయాలి, ఇంజిన్ ఆపడం ఆ తర్వాత. తాళం బండిలోనూ ఒక్క క్లిక్కే వెనక్కి తిప్పాలి. లాక్ దాకా తిప్పి చెవి పీకితే స్టీరింగ్ బిగుసుకుంటుంది.

దొర్లడం గురించి మీరన్నది పికప్‌ల వరకు నిజం, కొత్తవాటిలో చాలావరకు డోరు తీస్తే పార్క్ తానే పడుతుంది. ఎయిర్ బ్రేకు లారీలో మాత్రం తాళమైనా బటనైనా తేడా లేదు. పార్కింగ్ బ్రేకు నాబ్ లాగితేనే స్ప్రింగు బ్రేకులు పట్టుకుంటాయి, ఇగ్నిషన్‌కు దానితో సంబంధం లేదు. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మీ మాటకు ఎదురు లేదు.

రాత్రిలోడు:
వారాల తరబడి నిలిపే బండికి? బటన్ బండి బ్యాటరీ తాగేస్తుందంటారు.

ఆటోవైరింగ్:
నిలిపిన బండి 50 మిల్లీయాంపులు లాగుతుందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 30 రోజులకు 36. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడో వంతు పైనే. అంతకంటే ఎక్కువ లాగుతుంటే ముందు జీపీఎస్ పెట్టె, డ్యాష్ కెమెరా వైర్లు చూడండి, నేరం ఫాబ్‌దే అనుకోవద్దు. ఫాబ్‌ను బండికి రెండు మీటర్ల లోపు వేలాడదీస్తే మాత్రం రెండూ పదే పదే మాట్లాడుకుని సెల్లూ బ్యాటరీ రెండూ దిగిపోతాయి. లారీలో బ్యాటరీ కట్ ఆఫ్ స్విచ్చు ఉంటే వేయండి. డోరు రిసీవర్ కరెంటు కూడా ఆ స్విచ్చు మీదుగా వస్తే తిరిగి ఎక్కేటప్పుడు ఇనుప చెవే గతి. ఇంజిన్ ఆపిన వెంటనే మాత్రం కట్ ఆఫ్ వేయొద్దు. ఈసీయూ లెక్కలు రాసుకోవాలి, యాడ్‌బ్లూ (డీజిల్ పొగను శుద్ధి చేసే ద్రవం) పంపు గొట్టాల్లోని ద్రవాన్ని ట్యాంకులోకి వెనక్కి లాగాలి. స్విచ్చు దగ్గర దీపం ఉంటే అది ఆరే దాకా, లేకపోతే మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి వేయండి.