పిడుదుల మెదడువాపు వైరస్: ఉపరకాల మధ్య గీత ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పిడుదుల కాటుతో సోకే మెదడువాపు వైరస్ మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. దీనిలో యూరప్, సైబీరియా, దూరప్రాచ్య ఉపరకాలు ఉన్నాయని చదివాను. అయితే జెన్‌బ్యాంక్ అనే జన్యు సమాచార నిధి నుంచి తీసుకున్న ‘ఈ’ జన్యువు (వైరస్ పైపొర ప్రొటీన్‌కు సంకేతమిచ్చేది) వరుసలను పోల్చినప్పుడు, ఎస్తోనియాలో సేకరించిన కొన్ని నమూనాలు సైబీరియా గుంపులో చేరుతున్నాయి. ఇది సాధ్యమేనా? అసలు ఎంత శాతం తేడా ఉంటే వేరే ఉపరకం అనవచ్చు?

మొదటి సమాధానం:
సాధ్యమేనండీ. ఎస్తోనియాలో మూడు ఉపరకాలూ దొరికాయి. యూరప్ రకాన్ని ప్రధానంగా ఇక్సోడిస్ రిసినస్ అనే పిడుదు, మిగతా రెండింటినీ ఇక్సోడిస్ పెర్సుల్కాటస్ మోస్తాయి. బాల్టిక్ ప్రాంతంలో ఈ రెండు పిడుదులూ ఉంటాయి. కాబట్టి ఊరిపేరు చూసి ఉపరకాన్ని తేల్చకండి.

ఇక శాతం చెప్పేటప్పుడు అది న్యూక్లియోటైడ్లదా (జన్యువులోని అక్షరాలు), అమైనో ఆమ్లాలదా (ప్రొటీన్‌లోని ముక్కలు) అన్నది తప్పక రాయాలి. ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుంపులో, అంటే కోడాన్‌లో, మూడో అక్షరం మారినా చాలాసార్లు అమైనో ఆమ్లం మారదు గనుక, న్యూక్లియోటైడ్ల తేడా సాధారణంగా పెద్దదిగా కనిపిస్తుంది. 496 అమైనో ఆమ్లాల ‘ఈ’ ప్రొటీన్‌ను 1999లో విశ్లేషించినప్పుడు, ఒకే ఉపరకంలోని వైరస్‌ల మధ్య తేడా 2.2 శాతం దాటలేదు, వేర్వేరు ఉపరకాల మధ్య 3.6 నుంచి 5.6 శాతం వరకు ఉంది. నడుమ ఉన్న ఆ ఖాళీయే గీత గీయడానికి ఆధారమైంది. అంకె దానంతటది నియమం కాదు.

రెండో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. త్వరగా సరిచూసుకోవాలంటే ‘ఈ’ ప్రొటీన్‌లో 206వ స్థానం చూడండి: యూరప్ రకంలో వాలీన్, సైబీరియా రకంలో ల్యూసీన్, దూరప్రాచ్య రకంలో సెరీన్ ఉంటాయి. అయితే ఆ ఒక్క స్థానంతో తీర్పు చెప్పడం నాకు సమ్మతం కాదు. బైకాల్ ప్రాంతపు 886-84 రకం, టిబెట్ పీఠభూమిలోని మార్మోట్లలో (ఉడుత కుటుంబపు జంతువులు) కనుగొన్నట్టు 2018లో ప్రకటించిన హిమాలయ రకం పాత మూడు గుంపుల్లో ఇమడలేదు. అందుకే 3,414 అమైనో ఆమ్లాలకు సంకేతమిచ్చే పూర్తి భాగంతో వంశవృక్షం గీసి, యూరప్, సైబీరియా, దూరప్రాచ్య రకాల నమూనా వైరస్‌లైన న్యూడోర్ఫ్ల్, వాసిల్చెంకో, సోఫిన్‌ల వరుసలను ప్రామాణికాలుగా చేర్చండి. వంశవృక్షానికి మూలం (రూట్) ఎక్కడో తేల్చడానికి, 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో గుర్తించిన క్యాసనూర్ అడవి వ్యాధి వైరస్ పనికొస్తుంది. అది ఇదే కుటుంబానికి చెందిన దూరపు బంధువు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జబ్బు తీవ్రతను కూడా వర్గీకరణలో ఒక ఆధారంగా తీసుకోవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు:
వద్దండీ. దూరప్రాచ్య రకంతో మరణాలు ఎక్కువని నమోదైన మాట నిజమే కానీ, ఆసుపత్రికి రాని తేలికపాటి కేసులు లెక్కలోకి రాకపోతే ఆ శాతం పెరిగి కనిపిస్తుంది. తీవ్రతను వేరే పట్టికలో ఇవ్వండి. ఉపరకాన్ని వరుసలతోనే నిర్ణయించండి.